రెండో సీసా

ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్ళందరూ నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. వీధిలో వాళ్ళు, పనిచేసే చోట వాళ్ళు, ఆఖరికి ఆసుపత్రిలో సిస్టరమ్మ కూడా. "మీ అబ్బాయి భలే గట్టివాడండీ" అని ఆవిడ అంటే అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ తల ఊపింది. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకొక్కడికే తెలుసు. దాని గురించి రాద్దామని చాలాసార్లు కూర్చుని, రాయలేక లేచిపోయాను.

అప్పటికి నాకు ఇరవై ఐదేళ్ళు. బందరులో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. నాన్న నా చిన్నతనంలోనే పోయారు. అక్కని దివిసీమలో, నాగాయలంక ఇచ్చాం. బావ ఐసు ఫ్యాక్టరీ నుంచి రొయ్యల చెరువులకీ, వేట పడవలకీ ఐసు తోలే వ్యాను నడిపేవాడు. నేను రోజూ బస్సెక్కి కృత్తివెన్ను వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక చిన్న ల్యాబులో, రైతులు తెచ్చే చెరువు నీళ్ళనీ రొయ్యల్నీ పరీక్ష చేసి, ఏ రోగం ఉందో చెప్పడం నా పని.

ఒక ఉదయం గడ్డం గీసుకుంటుంటే మెడకి ఎడమ పక్క రేగిపండంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి ఉంటే అంత భయపడేవాణ్ణి కాదేమో. అప్పటికే కొన్నాళ్ళుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది, ప్యాంట్లు వదులవుతున్నాయి. ఎండలో తిరుగుడు అనుకున్నాను. ఆ రోజు నుంచి నా చెయ్యి నా మాట వినడం మానేసింది. బస్సులో కూర్చున్నా, అన్నం తింటున్నా, ఎవరితోనైనా మాట్లాడుతున్నా అది మెడ దగ్గరికి పోయి ఆ గడ్డని తడిమేది. పెరిగిందా, తగ్గిందా, పక్కన ఇంకోటి లేచిందా అని వెతికేది.

బందరులోనే ఒక సర్జన్ గారికి చూపించాం. రక్తం తీశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు. గడ్డలోకి సూది గుచ్చి కాస్త నీరు లాగి పంపించారు. ఏదీ తేల్చలేదు. అప్పుడు సర్జన్ గారు అమ్మ ముందే విషయం చెప్పేశారు. ఇది రెండింట్లో ఒకటి. టీబీ అయితే ఆరు నెలలు మాత్రలు మింగితే పోతుంది. కాకపోతే లింఫోమా, అంటే ఒక రకం క్యాన్సరు. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపితే తెలుస్తుంది. బయటికి వచ్చాక, టీబీ కావాలని దేవుణ్ణి కోరుకోవడం తప్పు కాదు కదరా అని అమ్మ నన్నడిగింది. నేను నవ్వాను. నవ్వడం నాకు చేతనయినంత బాగా చేశాను.

ముక్క తీసే రోజు బావ లోడు ఇంకొకరికి అప్పజెప్పి, చల్లపల్లి మీదుగా పొద్దున్నే వచ్చేశాడు. నాకు తెలిసి బావ నాతో ఒక్క మాట కూడా వంకర లేకుండా మాట్లాడింది లేదు. మా వైపు బావా బామ్మర్దులు మర్యాదగా మాట్లాడుకుంటే ఇంట్లో గొడవ జరిగిందనుకుంటారు.

"ఏం బామ్మర్దీ, రొయ్యలకైతే తలకాయ తీసేసి పరీక్ష చేస్తావు గదా. నీకు మెడ దగ్గరే ఆపుతున్నారు, సంతోషించు" అన్నాడు.

సిస్టరమ్మ మత్తు సూది సిద్ధం చేస్తుంటే, వాడికి ఎక్కువ ఇవ్వకండి, మామూలుగానే సగం నిద్రలో ఉంటాడని ఆవిడకీ చెప్పాడు. ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ముక్క తీయడం త్వరగానే అయిపోయింది. లోపల నాకు కట్టు కడుతుండగా సిస్టరమ్మ బయట బావకి రెండు చిన్న సీసాలు ఇచ్చి, గుడివాడలో ఎవరికి ఏది ఇవ్వాలో చెప్పింది. ఒకటి అక్కడ ముక్కల్ని కోసి, మైక్రోస్కోపు అద్దం కింద చూసే డాక్టరుకి. రెండోది అదే ఊళ్ళో టీబీ పరీక్ష చేసే చోట. నేను వచ్చి వరండాలో బల్ల మీద కూర్చోగానే బావ సీసాలు రెండూ నా పక్కన పెట్టి, దారిలో చల్లగా ఉంచాలటగా, ఐసు తెస్తానని బయటికి వెళ్ళాడు.

నేను సీసాలు చేతిలోకి తీసుకున్నాను. రోజూ నేను చేసేది అదే కదా. మొదటి సీసా మూత కాస్త వదులు చేస్తే, ముక్క కుళ్ళకుండా పోసే ఫార్మలిన్ మందు ఘాటు కళ్ళకి తగిలింది. రెండోదానికి ఏ వాసనా లేదు. నీళ్ళలా ఉంది. అడుగున ఎర్రగా, చింతపిక్కంత కూడా లేని నా మెడలోని ముక్క.

నా దగ్గరికి రైతులు రొయ్యల్ని ఉత్త కవర్లో చెరువు నీళ్ళు పోసి తెచ్చేవాళ్ళు. ఎండలో వచ్చేసరికి అవి మెత్తబడి కంపు కొట్టేవి. "ఇవి పరీక్షకి తెచ్చారా అండీ, పులుసుకి తెచ్చారా?" అని పదిమందిలో అనేసేవాణ్ణి. మా ల్యాబులో, అద్దం కింద చూడాల్సిన మాంసం ఏదైనా ఫార్మలిన్లో వేశాకే పక్కన పెట్టేవాళ్ళం. సిస్టరమ్మ రెండో సీసాలో మందు పోయడం మర్చిపోయిందని నాకు అనుమానం కాదు, నిశ్చయంగానే అనిపించింది. లోపలికి వెళ్ళి అడగవచ్చు. తలుపు పది అడుగుల దూరంలో ఉంది. కానీ అడిగితే తెలియనివాడినవుతాను. మొదటి సీసాలోని మందు సగం రెండోదాంట్లోకి వంపేశాను. మూతలు బిగించి, వాటి మీది ప్లాస్టరు ఎలా ఉందో అలాగే మళ్ళీ అంటించాను. ఆసుపత్రి వాళ్ళ తప్పుని చప్పుడు లేకుండా సరిదిద్దానని లోలోపల గర్వంగా కూడా అనిపించింది.

బావ ప్లాస్టిక్ డబ్బాలో ఐసు వేసుకుని వచ్చి, సీసాలు అందులో పెట్టుకుని గుడివాడ బస్సెక్కాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. గుడ్లవల్లేరు గేటు దగ్గర రైలు కోసం బస్సు చాలాసేపు ఆగిపోయిందట, గుడివాడ చేరేసరికి ఐసంతా నీళ్ళయిందట. అయినా రెండు చోట్లా భద్రంగా ఇచ్చేశానన్నాడు. నీ ముక్కకి గుడివాడ బాగా నచ్చింది, తిరిగి రానంటోందని కూడా అన్నాడు.

రిపోర్టులు వచ్చిన రోజు సర్జన్ గారి గదిలో అమ్మ, బావ, నేను కూర్చున్నాం. ఆయన కాగితాలు తిప్పి తిప్పి చూశారు. మొదటి ముక్క ఎందుకో సరిగ్గా నిలవలేదట, కణాలు తేడాగానే కనిపిస్తున్నాయి గానీ గట్టిగా చెప్పలేమని రాశారు. రెండోదాంట్లో టీబీ ఆనవాలు ఏమీ లేదు. అంటే మిగిలింది ఒకటే అన్నట్టు ఆయన అమ్మ వైపు చూడకుండా మాట్లాడారు. తర్వాత బావని అడిగారు, సీసా ఎలా తీసుకెళ్ళావని.

"రెండో సీసా కావాలనే ఉప్పునీళ్ళలో ఇస్తాం. దాంట్లో ఫార్మలిన్ చుక్క పడినా ఆ పరీక్షకి పనికిరాదు. చల్లగానే పట్టుకెళ్ళావా?"

బావ దాచలేదు. గేటు దగ్గర ఆలస్యమైందనీ, ఐసు కరిగిపోయిందనీ చెప్పాడు. సర్జన్ గారు "ఊఁ" అన్నారు. అంతే. ఆ ఊఁ ని మా ఇంట్లోవాళ్ళు తీర్పుగా తీసుకున్నారు.

ఏం జరిగిందో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. నోరు తెరిస్తే ఒక్క వాక్యం. తెరవలేదు. మొదట సిగ్గు. కవర్లో రొయ్యలు తెచ్చిన ముసలి రైతుల్ని నవ్వులపాలు చేసినవాణ్ణి, నా సొంత ముక్కని నేనే పాడుచేసుకున్నానని ఏ ముఖంతో చెప్పను? కానీ సిగ్గు ఒక్కటే అయితే ఒక పూటలో తగ్గి ఉండేది. ఇంటికి వచ్చేసరికి దాని వెనక ఇంకొకటి చేరింది. అది ఆశ. టీబీ లేదన్న రిపోర్టు చెల్లదు. అది నాకు తెలుసు. కాబట్టి ఇది టీబీ అయ్యే అవకాశం ఇంకా అలాగే ఉంది. మళ్ళీ సరిగ్గా పరీక్ష చేస్తే నిజమైన జవాబు వస్తుంది, అది క్యాన్సరు కూడా కావచ్చు. చెడిపోయిన పరీక్షలో నేను దాక్కోవచ్చు.

అలా మొదలైంది నా ధైర్యం. మళ్ళీ ముక్క తీయాలో, నేరుగా విజయవాడ పెద్దాసుపత్రికి రాసివ్వాలో ఆలోచించుకోమని, ఆలస్యం మాత్రం చెయ్యొద్దని సర్జన్ గారు చెప్పారు. ఈలోగా పొట్ట స్కానింగు, ఇంకొన్ని రక్త పరీక్షలు చేయించమన్నారు. ప్రతి బల్ల మీదా నేను నవ్వుతూ కూర్చున్నాను. రక్తం తీసేవాళ్ళతో కబుర్లు చెప్పాను. ఫోన్లో వచ్చే 'పాజిటివ్‌గా ఉండు బ్రదర్' సందేశాలకి దండాలు పెట్టే బొమ్మలు పంపించాను. అమ్మ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే, నేనే తినమని బతిమాలి, నన్ను చూసి నేర్చుకో అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను. నా దగ్గర ఒక చెక్క ఉంది, దాని మీద నేను తేలుతున్నాను. వాళ్ళకి ఆ చెక్క ఉందని తెలియదు. వాళ్ళు ఉత్త చేతులతో కొట్టుకుంటుంటే నేను ఒడ్డు మీద వాడిలా ఈత పాఠాలు చెప్పాను.

అయినా ఆ చెక్క నన్ను ప్రశాంతంగా ఉంచలేదు. పొద్దున్న లేవగానే చెడింది పరీక్షే, నేను కాదు అనుకునేవాణ్ణి. మధ్యాహ్నానికి, చెడకపోయినా అదే జవాబు వచ్చేదేమో అనిపించేది. సాయంత్రం ఒళ్ళు వెచ్చబడగానే టీబీకి కూడా ఇలాగే జ్వరం వస్తుందని ధైర్యం, క్యాన్సరుకీ వస్తుందని భయం. ల్యాబులో రొయ్య పొట్ట కోస్తూ కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయేవాణ్ణి. విజయవాడకి శుక్రవారం వెళ్దామన్నాను. శుక్రవారం వచ్చాక వచ్చే సోమవారం అన్నాను. గడ్డ పక్కన ఇంకో చిన్నది తగలడం మొదలైంది. ఆ సంగతీ ఎవరికీ చెప్పలేదు.

ఈ లోపల అమ్మ తన భయాన్నంతా పెట్టుకోవడానికి ఒక చోటు చూసుకుంది. ఆవిడ అల్లుణ్ణి ఎప్పుడూ ఏకవచనంలో పిలవలేదు. ఒక రోజు బావ మందులు తెచ్చి గడప దగ్గర నిలబడితే, గొంతు పెంచకుండా, "ఊరందరికీ ఐసు మోస్తారు గదా బాబూ. నా పిల్లాడి సీసాకి నాలుగు ముక్కలు ఎక్కువ వెయ్యలేకపోయారా?" అంది.

బావ మందుల కవరు కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. నేను పక్క గదిలోనే ఉన్నాను. టీవీ చూస్తున్నాను.

తర్వాత ఒక ఆదివారం అక్క రమ్మంటే నాగాయలంక వెళ్ళాను. బావ సరిగ్గా తినడం లేదని, వ్యాను ఎక్కడికి తోలుతున్నా ఆ గుడ్లవల్లేరు గేటు గురించే మాట్లాడుతున్నాడని అక్క వంటింట్లో చెప్పింది. నేను వచ్చినప్పటి నుంచి బావ నన్ను ఒక్క మాట వెక్కిరించలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఎండలో కూర్చోవద్దన్నాడు. ఎవరో దూరపు చుట్టాన్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు. నేను చచ్చిపోతున్నానని వీళ్ళందరికీ ఖాయమైపోయిందా అనుకున్నాను.

సాయంత్రం బావ వ్యాను కడుగుతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయన చేతిలో పైపు ఆపకుండానే అడిగాడు.

"ఒక్క మాట చెప్పు. గేటు దగ్గర దిగి ఇంకో రెండు ముక్కల ఐసు కొనుక్కుని ఉంటే సరిపోయేదా? అక్కడ కూల్‌డ్రింకుల కొట్టు ఉంది. చూశాను. బస్సు కదులుద్దేమోనని దిగలేదు."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు ఎవరూ ఇచ్చి ఉండరు. నేనేం చేశానంటే, ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"పోనీలే బావా. కావాలని చేశావా ఏంటి? మర్చిపో" అన్నాను.

బావ పైపు కింద పడేసి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏడ్చాడు. నేను చేసిన తప్పుకి నేను ఆయన్ని క్షమించాను. ఆయన ఆ క్షమని తీసుకుని, నాకు కృతజ్ఞతలు చెప్పాడు. నా జీవితంలో నేను చేసిన పనులన్నిట్లో దీన్ని మించి నీచమైనది నాకు కనిపించదు.

ఆ వారంలోనే బావ మమ్మల్ని పట్టుబట్టి సర్జన్ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇక ఆలస్యం కుదరదని, విజయవాడకి ఉత్తరం రాయించుకుందామని. గదిలోకి వెళ్ళీ వెళ్ళగానే, కుర్చీలో కూర్చోకుండానే చెప్పాడు. "సార్, ఆ టీబీ పరీక్ష చెడిపోయింది నా వల్లేనండి. ఐసు కరిగిపోయింది. ఆ లెక్కన ఆ రిపోర్టు తీసేసి చూడండి సార్."

సర్జన్ గారు కళ్ళజోడు తీసి ఆయన వైపు చూశారు.

"ఒక పూట ఐసు కరిగితే ఏం కాదయ్యా. నీ మీద వేసుకోకు. అలాంటిదేమీ ఉండదు."

అమ్మ తల దించుకుంది. బావ ముఖంలో బరువు దిగడం నేను కళ్ళారా చూశాను. అక్కడితో నేను ఊరుకుని ఉంటే బావ నిందలోంచి బయటపడేవాడే. కానీ సర్జన్ గారు అదే ఊపులో, అయితే రిపోర్టు సరైనదే అనుకుని ముందుకు వెళ్ళాలంటూ, క్యాన్సరు విభాగానికి ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. నా పేరు, వయసు రాశారు. తర్వాతి గీత రాస్తున్నారు.

అప్పుడు చెప్పాను. బావ కోసం చెప్పానని చాలాకాలం నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కాదు. బావని అప్పటికే ఆయన విడిపించేశారు. ఆ కలం చూసి భయపడి చెప్పాను.

"సార్, రెండో సీసాలో ఫార్మలిన్ నేను పోశాను."

సర్జన్ గారు రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు, ఎంత పోశానో, ఎక్కణ్ణుంచి పోశానో. మందు సగమే మిగిలిన మొదటి సీసాలో ముక్క ఎందుకు నిలవలేదో కూడా ఆయనకి అప్పుడు అర్థమైంది. రిపోర్టు వచ్చిన రోజే చెప్పి ఉంటే ఆ రోజే ఇంకో ముక్క తీసేవాణ్ణి కదా అన్నారు. ఏం పని చేస్తావని అడిగితే చెప్పాను.

"నీ దగ్గరికి వచ్చే రొయ్యకి ఆలస్యమైనా పరవాలేదు, చచ్చాకే వస్తుంది. నువ్వు బతికున్నవాడివయ్యా" అన్నారు.

అమ్మ లేచి బావ దగ్గరికి వెళ్ళింది. ఆయన చేతులు పట్టుకుని "బాబూ" అంది. బావ నెమ్మదిగా చేతులు వదిలించుకున్నాడు.

"ముందు ముక్క తియ్యనివ్వండి అత్తయ్యా. మాటలకేముంది" అన్నాడు. నా వైపు చూడలేదు.

కొత్తగా లేచిన గడ్డ సంగతి కూడా చెప్పేశాను. ఆ రోజే దాన్ని మొత్తంగా తీశారు. మళ్ళీ రెండు సీసాలు. ఈసారి నేనే ఇస్తానన్నాను. కుట్లతో బస్సులో వెళ్ళొద్దని సిస్టరమ్మ అంటే బావ వ్యాను బయటికి తీశాడు. సీసాల డబ్బా నా ఒళ్ళో ఉంది. కాలవ పక్క రోడ్డు మీద ప్రతి గుంటకీ దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. గుడ్లవల్లేరు గేటు తెరిచే ఉంది. అది దాటాక బావ అడిగాడు.

"నాగాయలంకలో ఐసు సంగతి మర్చిపొమ్మన్నావు. అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు బావా."

గుడివాడలో సీసాలు ఇచ్చేటప్పుడు నా వెనకే నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక చోట ఆపి టీ తాగించాడు. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. అంతకు ముందైతే నా జేబులో చెయ్యి పెట్టి లాక్కునేవాడు.

జవాబు వచ్చేదాకా గడిచిన రోజులు ఎలా ఉన్నాయో చెప్పడం కష్టం. పట్టుకోవడానికి చెక్క లేదు. వచ్చేది ఏదైనా నిజమే వస్తుంది. అమ్మ అన్నం పెడితే ఈసారి నేను మెతుకులు కెలికాను. ఇప్పుడామె నన్ను బతిమాలింది. భయమేస్తోందే అమ్మా అన్నాను. ఆ మాట అనడం అదే మొదలు. ఆవిడ కంచం పక్కన పెట్టి, నాకూ వేస్తోందిరా అని నా పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది. ఫోన్ మోగితే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్ళం. ఎవరో బ్యాంకు వాళ్ళు. ఎవరో రాంగ్ నంబరు. ఎవరైనా నా ధైర్యం గురించి మాట్లాడితే అదేం లేదండీ అని చెప్పేవాణ్ణి. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు.

టీబీ అని వచ్చింది. రెండు సీసాలూ ఒకే మాట చెప్పాయి. పక్కింటివాళ్ళకి తెలిస్తే ఏమనుకుంటారోనని జనం దాచుకునే జబ్బు పేరు విని మా అమ్మ ఆసుపత్రి వరండాలో కూలబడి దండం పెట్టింది. నేను ఆలస్యం చేసిన రోజుల్లో అది ఇంకొంచెం పాకిందనీ, మందులు ఆరు నెలలకి బదులు ఇంకాస్త ఎక్కువ కాలం వాడాల్సి రావచ్చనీ సర్జన్ గారు అన్నారు. అది నా వంతు.

నేను బావకి ఫోన్ చేసి చెప్పాను. అవతల వ్యాను ఇంజను వినిపించింది. తప్పు నాది బావా అని మొదలుపెట్టబోతే ఆపేశాడు.

"బతికావు. అది చాలు ఇప్పటికి. మిగతాది నాకు ఎప్పుడు చెప్పబుద్ధయితే అప్పుడు చెప్తాను" అన్నాడు.

మాత్రలు మొదలుపెట్టిన మర్నాడు పొద్దున్న మూత్రం కాషాయం రంగులో వచ్చింది. రక్తమనుకున్నాను. బాత్రూము తలుపు కూడా సరిగ్గా వెయ్యకుండా బయటికొచ్చి, అమ్మకి చెప్పి, వెంటనే బావకి ఫోన్ చేశాను. లోడు ఎక్కిస్తున్నట్టున్నాడు, ఐసు దిమ్మలు పడుతున్న చప్పుడు. నేను చెప్పింది అంతా విన్నాడు.

"మాత్రల రంగు అది. సిస్టరమ్మ నీకూ చెప్పిందిగా, వినలేదా?" అన్నాడు విసుగ్గా. మళ్ళీ తనే, "జ్వరం ఏమన్నా ఉందా?" అని అడిగాడు.

ఉందని చెప్పాను. ఎంత ఉందో చూసి చెప్పమని, ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే ఉన్నాడు.